స్లీప్ ఆప్నియా: నిర్ధారణ, చికిత్స

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో శ్వాస పదే పదే ఆగిపోయే జబ్బు. పెద్దవాళ్లలో కనీసం 10 సెకన్ల పాటు గాలి రాకపోకలు నిలిచిపోతే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా నిలవకుండా బాగా సన్నగిల్లి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, మెదడు నిద్రలోంచి ఉలిక్కిపడినా అది హైపాప్నియా. ఈ రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు జరుగుతున్నాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. అది 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని లెక్క. ఈ జబ్బుకు పేరు పెట్టి దాదాపు యాభై ఏళ్లయింది, నమ్మదగిన చికిత్స దొరికి నలభై ఏళ్లు దాటింది. అయినా జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. తెలిసి, నిద్రలో శ్వాసకు సాయపడే యంత్రం కొనుక్కున్నవాళ్లలో కూడా చాలామంది కొన్ని నెలలకే దాన్ని అటక మీదికి ఎక్కిస్తారు. ఈ రెండింటికీ మూలం ఒకటే అని ఈ వ్యాసం వాదన: ఒక రాత్రి చేసే పరీక్షతోనూ ఒకసారి కొనే యంత్రంతోనూ పని పూర్తయిందనుకుంటున్నాం. బీపీలాగా, షుగర్‌లాగా ఇది ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బు. పరీక్షకు ముందు అడిగే ప్రశ్నల్లోనూ, యంత్రం ఇంటికొచ్చాక గడిచే మొదటి వారాల్లోనూ దీని మంచిచెడ్డలు తేలిపోతాయి.

అసలు జరిగేదేమిటో దగ్గరగా చూడాలి. ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉండే గొంతు భాగానికి ఎముకల ఆసరా దాదాపు లేదు. ఆ దారిని తెరిచి ఉంచేవి కండరాలే. నిద్ర పట్టగానే అవి సడలుతాయి, నాలుక మొదలు వెనక్కి జారుతుంది, మెత్తని అంగిలి కిందికి వాలుతుంది. దారి ఇరుకయ్యేకొద్దీ గాలి వేగం పెరిగి గొంతు గోడలు అదురుతాయి. గురక అదే. దారి ఇంకా ఇరుకై, ఛాతీ ఇంకా గట్టిగా గాలిని లాగితే, మెత్తటి స్ట్రాను బలంగా పీల్చినప్పుడు అతుక్కుపోయినట్టు గొంతు మూసుకుపోతుంది. అప్పుడు గురక ఆగిపోతుంది. పక్కన పడుకున్నవాళ్లు హమ్మయ్య అనుకునే ఆ నిశ్శబ్దంలో ఛాతీ, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటాయి గానీ లోపలికి గాలి పోదు. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా ఇలా గడుస్తుంది. 95 శాతం దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్ 85కి, తీవ్రమైన జబ్బులో 70కి కూడా జారుతుంది. మెదడు కొన్ని క్షణాలు మేల్కొని కండరాలను బిగిస్తుంది, పెద్ద శబ్దంతో గాలి లోపలికి దూసుకుపోతుంది, మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. ఇలా గంటకు నలభై, యాభై సార్లు జరిగినా పొద్దున్నే అతనికి ఒక్కటీ గుర్తుండదు. ప్రతి మెలకువకూ నాడి వేగం, రక్తపోటు ఎగిసి పడతాయి. ఛాతీలో పుట్టే లాగుడుకు గుండె పై గదులు సాగుతాయి, అక్కడి నుంచి వెలువడే హార్మోన్ ఉప్పునూ నీటినీ మూత్రంలోకి తోస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచేవాళ్లు ప్రోస్టేట్ మీదో షుగర్ మీదో అనుమానపడతారు తప్ప గొంతును అనుమానించరు. నోరు ఎండిపోవడం, లేవగానే తలనొప్పి, ఎనిమిది గంటలు పడుకున్నా తీరని అలసట, కూర్చుంటే చాలు కునుకు, మతిమరుపు, చిరాకు అన్నీ ఈ ఒక్క మూలం నుంచే రావచ్చు.

దీన్ని కనుక్కున్న చరిత్రలోనే ఈ వాదనకు మొదటి ఆధారం ఉంది. కూర్చున్నచోటే నిద్రపోయే లావాటి కుర్రాణ్ణి డికెన్స్ 1836-37లో ‘పిక్‌విక్ పేపర్స్’లో చిత్రించాడు. 1956లో అమెరికా వైద్యుడు బర్వెల్, ఆయన సహచరులు ఆ నవల పేరు మీదే పిక్‌వికియన్ సిండ్రోమ్ అని ఒక జబ్బును వర్ణించారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమే పగటి మత్తుకు కారణమని వాళ్లు భావించారు. 1965లో ఫ్రాన్స్‌లో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఇలాంటి రోగులకు రాత్రంతా మెదడు తరంగాలు, శ్వాస కలిపి నమోదు చేస్తే గానీ శ్వాస ఆగిపోతున్న సంగతి బయటపడలేదు. పగలు ఎంత పరీక్షగా చూసినా కనబడని జబ్బు ఇది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో బృందం దీనికి స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అని పేరు పెట్టింది. అప్పటికి ఉన్న గట్టి చికిత్స గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టడం ఒక్కటే. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ ముక్కు ద్వారా కాస్త పీడనంతో గాలి పంపితే గొంతు మూసుకోదని ఐదుగురు రోగుల మీద చూపించాడు. సీప్యాప్ అని నేడు అందరూ పిలిచే యంత్రం అలా పుట్టింది.

ఎంతమందికి ఉంది అన్నదానికి జవాబు మనం గీసే గీతను బట్టి మారుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం 1993లో 30 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో 24 శాతానికి, ఆడవాళ్లలో 9 శాతానికి ఏహెచ్ఐ 5 అంతకు మించి ఉందని చెప్పింది. పగటి నిద్ర కూడా ఉన్నవాళ్లనే లెక్కిస్తే అది 4, 2 శాతాలకు తగ్గింది. ముంబైలో ఉద్వాడియా బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో 35 నుంచి 65 ఏళ్ల మగవాళ్లలో 19.5 శాతానికి నిద్రలో శ్వాస ఇబ్బంది, 7.5 శాతానికి దానితోపాటు పగటి నిద్ర కనిపించాయి. ఢిల్లీలో 2006 నాటి అధ్యయనంలో ఆ అంకెలు 13.7, 3.6. ప్రపంచం మొత్తం మీద 30-69 ఏళ్ల వాళ్లలో 93 కోట్ల మందికి పైగా ఏహెచ్ఐ 5 దాటుతుందని 2019లో ఒక అంచనా వచ్చింది. మనదేశంలో చాలామందికి ఈ పేరు మొదటిసారి తెలిసింది 2022 ఫిబ్రవరిలో, సంగీత దర్శకుడు బప్పీ లహరి మరణానికి ఇదే కారణమని వైద్యులు చెప్పినప్పుడు. ‘గ్యాంగ్ లీడర్’, ‘రౌడీ అల్లుడు’ పాటలతో తెలుగువాళ్లకు బాగా దగ్గరైన మనిషి ఆయన.

అంత మందికి ఉన్నా గుర్తింపు ఎందుకు లేదు? గురకను గాఢనిద్రకు గుర్తుగా తీసుకోవడం ఒక కారణం. ఇది లావాటి మగవాళ్ల జబ్బు అనే ముద్ర ఇంకో కారణం. ఊబకాయం పెద్ద ముప్పు అన్నది నిజమే. కానీ కింది దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవాళ్లకు, గొంతు దారి పుట్టుకతోనే ఇరుకైనవాళ్లకు అంత బరువు లేకున్నా ఇది వస్తుంది. ఆసియా వాళ్లలో తక్కువ బరువుకే ఈ జబ్బు కనబడటం పరిశోధకులు మళ్లీ మళ్లీ గమనించిన విషయం. ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ముట్లుడిగాక వాళ్లలో ముప్పు బాగా పెరుగుతుంది. కానీ వాళ్లు డాక్టరుతో చెప్పుకునేది గురక గురించి కాదు. నిద్ర పట్టడం లేదని, నీరసమని, తలనొప్పని, దిగులని. నిద్రమాత్రో దిగులు మందో రాసి పంపిస్తే, కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలించి ఉన్న జబ్బును ముదరబెట్టవచ్చు. మూడు రకాల మందులు వేసినా లొంగని బీపీ ఉన్నవాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు ఉంటుందని కెనడా పరిశోధకులు 2001లోనే చూపించారు. అలాంటి రోగిని గురక గురించి అడగకుండా నాలుగో బీపీ మాత్ర రాయడం పొరపాటు.

నిర్ధారణ ప్రశ్నలతో మొదలవుతుంది. కెనడాలో మత్తు వైద్యురాలు ఫ్రాన్సెస్ చుంగ్ 2008లో రూపొందించిన స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నావళి ఎనిమిది విషయాలు చూస్తుంది: గురక, అలసట, శ్వాస ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, మగా ఆడా. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో ఇచ్చిన ఎప్‌వర్త్ కొలత పగటి నిద్రను 24కి లెక్కిస్తుంది. 10 దాటితే ఎక్కువ కింద లెక్క. ఇవి ఎవరిని పరీక్షకు పంపాలో చెబుతాయి తప్ప జబ్బును తేల్చవు. తేల్చే పరీక్ష పాలీసామ్నోగ్రఫీ, వాడుకలో స్లీప్ స్టడీ. తల మీద పేస్టుతో అంటించిన తీగలు మెదడు తరంగాలను, కళ్ల పక్కన, గడ్డం కింద అంటించినవి నిద్ర దశలను పట్టిస్తాయి. ముక్కు దగ్గర సన్నని గొట్టం గాలిని, ఛాతీకి పొట్టకు చుట్టిన రెండు పట్టీలు ఊపిరి ప్రయత్నాన్ని, వేలికి తగిలించిన క్లిప్పు ఆక్సిజన్‌ను కొలుస్తాయి. పొట్ట, ఛాతీ కదులుతుంటే ముక్కు దగ్గర గాలి లేదంటే గొంతు మూసుకుపోయినట్టు. ప్రయత్నమే లేకపోతే మెదడే ఆదేశం ఇవ్వడం లేదన్నమాట. అది సెంట్రల్ ఆప్నియా. ఈ తేడా చాలా ముఖ్యం. గుండె బలహీనపడి సెంట్రల్ ఆప్నియా వచ్చినవాళ్లకు శ్వాసను అనుసరించి పీడనం మార్చే ఒక ప్రత్యేక యంత్రం వాడి చూసిన 2015 నాటి పెద్ద పరిశోధనలో గుండె మరణాలు తగ్గకపోగా పెరిగాయి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఉండగా ఆసుపత్రిలో తీగలు అంటించుకుని పడుకోవడం ఎందుకని అడగవచ్చు. లక్షణాలు స్పష్టంగా ఉండి, గుండె, ఊపిరితిత్తుల, నరాల జబ్బులు లేనివాళ్లకు ఇంటి పరీక్ష చాలు. ఖర్చూ తక్కువే, అలవాటైన మంచం మీద నిద్ర కూడా సహజంగా పడుతుంది. దాని లోపం ఒకటుంది: మామూలుగా ఇంటి పరికరం మెదడు తరంగాలు చూడదు గనుక మనిషి ఎంతసేపు నిద్రపోయాడో దానికి తెలియదు. ఆగిన శ్వాసలను నిద్ర గంటలతో కాకుండా నమోదు చేసిన గంటలతో భాగిస్తుంది. ఏడు గంటల నమోదులో నాలుగు గంటలే నిద్రపోతే అంకె దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ఇంటి పరీక్షలో జబ్బు ఉందని వస్తే నమ్మవచ్చు గానీ, లక్షణాలు బలంగా ఉన్నప్పుడు లేదని వస్తే ల్యాబ్‌లో మళ్లీ చూడాలి. పైగా రాత్రికీ రాత్రికీ తేడా ఉంటుంది. మద్యం తాగిన రాత్రి, ముక్కు మూసుకుపోయిన రాత్రి, వెల్లకిలా పడుకున్న రాత్రి అంకె పెరుగుతుంది. రిపోర్టులో ఏహెచ్ఐ ఒక్కటే చూసి వదిలేయకుండా వెల్లకిలా ఉన్నప్పుడు ఎంత, కలల నిద్రలో ఎంత, ఆక్సిజన్ 90 కంటే తక్కువగా గడిచిన సమయం ఎంత అన్నవి చదవాలి. పది సెకన్ల చిన్న అంతరాయాలు ఇరవై ఉన్న మనిషికీ, నిమిషం నిమిషం పాటు ఊపిరి ఆగిన మనిషికీ ఏహెచ్ఐ ఒకటే కావచ్చు. జబ్బు ఒకటి కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సున్నితమైన పరికరాలతో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో నలభై దాటిన మగవాళ్లలో సగం మందికి, ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతుకు ఏహెచ్ఐ 15 అంతకు మించి వచ్చింది. ఊళ్లో సగం మంది మగవాళ్లు రోగులంటే అర్థముందా, ఇది యంత్రాలు అమ్ముకోవడానికి పెంచిన లెక్క కాదా అని అడిగేవాళ్లను కొట్టిపారేయలేం. అమెరికా ప్రభుత్వ నివారణ వైద్య నిపుణుల సంఘం కూడా ఏ లక్షణమూ లేనివాళ్లను వరసబెట్టి పరీక్షించడానికి తగిన ఆధారం లేదని 2022లో చెప్పింది. ఆ మాట సరైనదే. అంకెను జబ్బు అనుకోకూడదన్నదే దాని సారం, ఈ వ్యాసం చెప్పేదీ అదే. పగటి నిద్ర, లొంగని బీపీ, గుండె లయ తప్పడం, డ్రైవింగ్‌లో కునుకు వంటివి ఉన్న మనిషికి 12 వచ్చినా పట్టించుకోవాలి. హాయిగా నిద్రపోయి హుషారుగా లేచే డెబ్బై ఏళ్ల మనిషికి 16 వచ్చిందని కంగారుపడి యంత్రం కొనిపించనక్కరలేదు. అందరినీ పరీక్షించడం వృథా అయినంత మాత్రాన అవసరమైనవాళ్లను అడగకుండా వదిలేయడం సబబు కాదు.

చికిత్సల్లో సీప్యాప్ ఇప్పటికీ మొదటిది. 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనంతో వచ్చే గాలి గొంతును లోపలి నుంచి తెరిచి ఉంచుతుంది. సరైన పీడనం దొరికితే మొదటి రాత్రే గురక పోతుంది. చిక్కంతా ఆ తరువాతే. మాస్క్ ఒదగక గాలి కళ్లలోకి కొడుతుంది, గడ్డం మీసాల దగ్గర లీకవుతుంది, ముక్కు వంతెన మీద పుండు పడుతుంది. నోరు తెరుచుకుని పొడారిపోతుంది, కొందరికి ముఖం మీద ఏదో పెట్టి నొక్కినట్టు భయం వేస్తుంది. వీటిలో దాదాపు ప్రతిదానికీ మార్గముంది: ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే చిన్న మాస్క్, నోరు తెరిచేవాళ్లకు నోరూ ముక్కూ కప్పేది, గాలికి తేమ ఇచ్చే నీటి అర, ముక్కు ఎలర్జీకి ముందే మందు, పగలు టీవీ చూస్తూ మాస్క్ పెట్టుకుని అలవాటు పడటం. కరెంటు పోతే ఊపిరాడదేమోనని మనవాళ్లు ఎక్కువగా భయపడతారు. మాస్కుల్లో గాలి బయటికి పోయే రంధ్రాలుంటాయి, ముఖమంతా కప్పేవాటిలో యంత్రం ఆగగానే బయటి గాలికి తెరుచుకునే కవాటం ఉంటుంది. పీడనం ఆగగానే మనిషికి సాధారణంగా మెలకువ వస్తుంది. అయినా తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లు ఇన్వర్టర్‌కు కలుపుకోవడం మంచిది. ఈ సంగతులు మొదటి రెండు మూడు వారాల్లో ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. యంత్రంలోని చిప్ ప్రతి రాత్రి ఎన్ని గంటలు వాడారో, ఎంత లీకైందో, ఇంకా ఎన్ని శ్వాసలు ఆగుతున్నాయో రాసిపెడుతుంది. దాన్ని చదివే మనిషి లేకపోతే ఆ రాత వృథా.

వాదనకు ఎదురొచ్చే పెద్ద సాక్ష్యం 2016లో వచ్చిన సేవ్ అనే అంతర్జాతీయ పరిశోధన. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2717 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు సీప్యాప్ ఇచ్చారు. మళ్లీ గుండెపోటు, పక్షవాతం రావడంలో తేడా కనిపించలేదు. దీన్ని దాచి సీప్యాప్ గుండెను కాపాడుతుందని అమ్మడం తప్పు. కానీ అందులో రోగులు యంత్రాన్ని వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే, సగానికి పైగా రాత్రి చికిత్స లేకుండానే గడిచింది. పగలు విపరీతంగా నిద్ర వచ్చేవాళ్లను అసలు చేర్చుకోలేదు. అంత తక్కువ వాడకంలోనూ పగటి నిద్ర, దిగులు తగ్గాయి, బతుకు నాణ్యత మెరుగైంది. లొంగని బీపీ ఉన్నవాళ్లలో సీప్యాప్‌తో సగటు రక్తపోటు 3 పాయింట్ల దాకా తగ్గుతుందని స్పెయిన్ పరిశోధన 2013లో చూపింది. పగటి నిద్ర తగ్గడానికి రాత్రికి నాలుగు గంటల వాడకం చాలినా, రోజువారీ పనుల్లో పూర్తి చురుకు రావడానికి ఏడెనిమిది గంటలు కావాలని ఇంకో పరిశోధన చెప్పింది. అంటే సేవ్ ఫలితం యంత్రాన్ని కాదు, యంత్రమిచ్చి వదిలేసే పద్ధతిని తప్పు పడుతోంది. అలా చదవడమే నాకు న్యాయంగా తోస్తుంది.

సీప్యాప్ సహించలేనివాళ్లకు దారులు మూసుకుపోలేదు. పళ్లకు తొడిగి కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని దంతవైద్యులు చేసిస్తారు. అది ఏహెచ్ఐని సీప్యాప్ అంతగా తగ్గించదు గానీ రోగులు ఎక్కువ గంటలు పెట్టుకుంటారు గనుక స్వల్ప, మధ్యస్థ జబ్బులో ఫలితం దగ్గర దగ్గరగా ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడే వచ్చేవాళ్లకు పక్కకు తిరిగి పడుకునే ఏర్పాటు పనిచేస్తుంది. కొండనాలుకను, మెత్తని అంగిలిలో కొంత కోసి తీసే ఆపరేషన్ 1981 నుంచి ఉంది, ఫలితం ముందుగా చెప్పలేం. దవడలను ముందుకు జరిపే పెద్ద ఆపరేషన్ మాత్రం తగినవాళ్లలో బాగా పనిచేస్తుంది. నాలుక నరాన్ని ప్రేరేపించే పరికరాన్ని ఛాతీలో అమర్చే పద్ధతికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. పిల్లల సంగతి వేరు: వాళ్లలో తరచూ టాన్సిల్స్, ఎడినాయిడ్సే కారణం, అవి తీయించడమే మొదటి చికిత్స, గురక పెట్టి, నోటితో ఊపిరి తీసి, పక్క తడిపి, బడిలో కుదురుగా ఉండని పిల్లవాణ్ణి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

బరువు తగ్గితే అంతా పోతుంది కదా అనేది ఇంకో అభ్యంతరం. విస్కాన్సిన్ లెక్క ప్రకారం బరువు పది శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు 26 శాతం తగ్గుతుంది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మీద 2024లో వెలువడిన పరిశోధనల్లో ఊబకాయం ఉన్న రోగుల్లో ఏడాది వాడాక గంటకు 25 నుంచి 29 ఘటనలు తగ్గాయి. ఆ ఏడాది చివర్లో అమెరికా దాన్ని ఈ జబ్బుకు అనుమతించింది. ఇది నిజంగా పెద్ద మలుపు. కానీ సన్నగా ఉండి దవడ నిర్మాణం వల్ల జబ్బు వచ్చినవాళ్లకు ఇది వర్తించదు, బరువు తగ్గేదాకా నెలల తరబడి రాత్రులను వదిలేయలేం, మందు మానితే బరువు తిరిగి వస్తుంది. తగ్గాక మళ్లీ పరీక్ష చేసి యంత్రం తీసేయవచ్చో లేదో చూడాలి. రోజూ శంఖం ఊదినవాళ్లలో పగటి నిద్ర, ఏహెచ్ఐ కొంత తగ్గాయని జైపూర్ వైద్యులు 2025లో ప్రచురించారు. ఆసక్తికరమే, కానీ పాల్గొన్నది ముప్పై మందే. సీప్యాప్ మానేసి శంఖం పట్టుకోవడానికి అది చాలదు.

మన దగ్గర అసలైన అడ్డంకి డబ్బు. యంత్రం పదుల వేల రూపాయలు, మాస్క్, ఫిల్టర్లు మళ్లీ మళ్లీ కొనాలి. చాలా ఆరోగ్య బీమాలు ఆసుపత్రిలో చేరిన ఖర్చు చుట్టూ అల్లినవి, ఇంటి మంచం పక్కన ఉండే యంత్రం వాటికి కనబడదు. చాలాసార్లు రిపోర్టు రాగానే రోగి డాక్టరు చేతి నుంచి డీలరు చేతికి మారిపోతాడు, మూడో నెలలో ఎలా ఉన్నావని అడిగే బాధ్యత ఎవరిదీ కాదు. 2021లో ఫిలిప్స్ కంపెనీ శబ్దం తగ్గించే నురుగు పొర శిథిలమవుతోందని ప్రపంచవ్యాప్తంగా లక్షల యంత్రాలను వెనక్కి పిలిచినప్పుడు, ఏ యంత్రం ఎవరింట్లో ఉందో వైద్యుల దగ్గర లెక్క ఉండటం ఎంత అవసరమో తెలిసింది. పరీక్ష ఫీజులోనే మూడు నెలల పర్యవేక్షణ కలపడం, మొదట కొన్ని వారాలు యంత్రం అద్దెకిచ్చి సరిపడితేనే కొనిపించడం, వాడకం లెక్కలు చదవడానికి ల్యాబ్ టెక్నీషియన్‌కు వారానికో పూట కేటాయించడం పెద్ద ఖర్చు లేని పనులు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు గురక గురించి అడగడం, యంత్రం ఉన్నవాళ్లను దాన్ని వెంట తెచ్చుకోమనడం కూడా అంతే. ఈ జబ్బు ఉన్న డ్రైవర్లకు ప్రమాదాల ముప్పు సుమారు రెండు రెట్లు. బ్రిటన్‌లో మధ్యస్థ, తీవ్ర జబ్బుతో పగటి నిద్ర ఉన్న డ్రైవరు ఆ సంగతి లైసెన్సు అధికారులకు చెప్పి, నిద్ర అదుపులోకి వచ్చాకే మళ్లీ బండి నడపాలి. విజయవాడ, హైదరాబాద్ రోడ్డు మీద రాత్రంతా బస్సులు, లారీలు నడిపేవాళ్లకు చేసే కంటి పరీక్ష పక్కన స్టాప్‌బ్యాంగ్ ఎనిమిది ప్రశ్నలు చేర్చడానికి పట్టేది ఐదు నిమిషాలు. అయితే జబ్బు బయటపడిన డ్రైవరు ఉద్యోగం పోకుండా చికిత్స అందే ఏర్పాటు ముందే ఉండాలి, లేకపోతే గురక ఉందని ఎవరూ ఒప్పుకోరు.